వాకిట్లో రంగుల చెట్టు గొడ్డుకు ముప్పు కాకూడదు

హయత్‌నగర్: విజయవాడ రోడ్డు మీద నర్సరీ ముందు నిలబడితే ఏ మొక్క చూసినా కొనబుద్ధవుతుంది. ఇంటి ముందు నాలుగు గజాల జాగాలో ఒక్క రంగుల చెట్టున్నా వాకిలికి కళ వస్తుంది. అయితే పట్నం బంగళాకు నప్పే మొక్క, పాడిగేదె, నాలుగు మేకలున్న రైతు ఇంటికి నప్పకపోవచ్చు. కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. గొడ్డు తింటే ఏమవుతుంది? నీళ్లు ఎంత కావాలి? చేనుకు పురుగును తెస్తుందా?

గన్నేరుతో జాగ్రత్త

ఎర్ర గన్నేరు ఎండకు తట్టుకుంటుంది, చాలాకాలం పూస్తుంది. ఆకు చేదు కాబట్టి పశువులు సాధారణంగా ముట్టవు. చిక్కంతా కత్తిరించి పడేసిన కొమ్మలతోనే. ఆకు ఎండినా విషం పోదు. గడ్డిలో కలిస్తే గేదె తెలియక తినేస్తుంది. కొద్దిపాటి ఆకే గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. పచ్చ గన్నేరు కాయలూ విషమే, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. పసుపు, ఎరుపు గుత్తులు పూసే లాంటానా కంపను కూడా తెచ్చి నాటకండి. అది మేసిన పశువులకు కాలేయం చెడి కామెర్లు వస్తాయి.

మందారం మంచిదే, కానీ...

మందారానికి పిండినల్లి పడితే పక్కనున్న బెండకు, పత్తికి పాకుతుంది. కూరగాయల మడికి దూరంగా పెట్టండి. తెల్లని పిండిలాంటిది కనిపించిన కొమ్మను వెంటనే కత్తిరించి కాల్చేయాలి.

చెల్కకు కాగితం పూలు

మన ఎర్ర చెల్కలకు, బోరు నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న ఇళ్లకు కాగితం పూల చెట్టు అనువైనది. రంగుగా కనిపించేవి నిజానికి పూలు కావు, ఆకులే. అసలు పువ్వు వాటి నడుమ చిన్నగా, తెల్లగా ఉంటుంది.

తొలకరిలో పెన్సిలంత లావు, జానెడు పొడవున్న ముదురు కొమ్మలు నాటితే వేర్లు పోస్తాయి. అడుగున్నర గుంత తీసి, గంపెడు చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి, ఎండ బాగా తగిలే చోట మొక్క పెట్టాలి. మొదటి ఏడు నీళ్లు పోసి, వేరు దిగాక తగ్గించండి. నీళ్లు, యూరియా ఎక్కువైతే ఆకు పెరుగుతుంది కానీ రంగు రాదు. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. ముళ్లుంటాయి కనుక నడిచే దారికి మూడడుగుల ఎడం వదలండి. చిగుళ్లను మేకలు కొరుకుతాయి, మొదట్లో చుట్టూ కంప కట్టక తప్పదు.

ఇంట్లో ఇప్పటికే గన్నేరు ఉందా? కత్తిరించిన కొమ్మలను కొట్టం దగ్గర పడేయకుండా, కాల్చకుండా, లోతుగా పూడ్చండి. గొడ్డు తిన్నదని అనుమానం వస్తే నాటు మందుల కోసం ఆగకుండా పశువుల డాక్టరును పిలిచి, ఏ ఆకు తిన్నదో చెప్పండి.