మిగిలిన కరెంటు ఎటు పోతోంది?

హైదరాబాద్ మొఘల్‌పురాలో మా మగ్గం వర్క్ కార్ఖానాకు ఒకప్పుడు 60 వాట్ల బల్బు ఒక్కటే. అయిదు గంటలు వెలిగితే 300 వాట్ అవర్లు. ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, ఎనిమిది గంటలు: 288. ఆదా దాదాపు లేదు. కానీ జరీ కుట్టేవాళ్ల కళ్లకు ఆ వెలుతురు ఎంత మేలో చూస్తున్నాను, దాన్ని దుబారా అనను.

పొదుపైన ఆవిరి యంత్రాలొచ్చాక బొగ్గు వాడకం పెరిగిందే తప్ప తగ్గలేదని ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే రాశాడు. అన్నిచోట్లా అలా జరగదు. ఫ్రిజ్ కరెంటు తక్కువ తాగుతోందని ఎవరూ రెండోది కొనరు. నా దిగులంతా ఏసీల గురించే. బిల్లు తగ్గేకొద్దీ ఇంకా ఏసీ లేని ఇళ్లూ కొంటాయి. మే నెలలో రేకుల కింద పడుకునేవాళ్లను వద్దనడం అన్యాయం. ఎండను వెనక్కి కొట్టి ఇంటిని చల్లగా ఉంచే కప్పుల కోసం తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ముందు ఆ రేకుల మీదికే రావాలి.