కార్డుపై బొమ్మలు మారాయి... బాకీలు మారలేదు

ఎండిన చెరువులో ఫుట్‌బాల్ ఆట - కట్ట మీద ఆరోగ్య బీమా వాదన

అనంతపురం (మా గ్రామీణ విలేకరి):

మా మండలంలో చెరువు నిండే సంవత్సరాలు తక్కువ. అందుచేత ఆటస్థలానికి కొదవ లేదు. ఎండిన చెరువులో ప్రతి ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆట వుంటుంది. గోలుకు రెండు వైపులా సర్వి కట్టెలు పాతారు. గీతలకు ముగ్గు పిండి పోస్తారు. చెరువు కట్ట మీద కూర్చున్న వారే ప్రేక్షకులు. ఆటగాళ్ల కాళ్లకన్నా వీరి నోళ్లే ఎక్కువ ఆడతాయి.

ఊరూరా క్రికెట్టు ఏలుతున్న ఈ రోజుల్లో ఈ జిల్లా పల్లెల్లో ఫుట్‌బాల్ నిలవడానికి కారణం వుంది. స్పెయిన్ దేశపు బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్వచ్ఛంద సంస్థ స్థాపించారు. ఆర్.డి.టి. అంటే తెలియని ఇల్లు ఇక్కడ లేదు. ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రితోపాటు ఆ సంస్థ పిల్లలకు ఆటలు కూడా నేర్పింది. ఆ విధంగా మన కుర్రవాళ్లకు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ జట్లు పక్క ఊరి జట్ల మాదిరి అయిపోయాయి. ఒకే ఇంట్లో అన్న ఒక జట్టు, తమ్ముడు ఇంకో జట్టు. మెస్సీ పేరెత్తితే సంగటి చల్లారిపోయినా లేవరు.

ఇంతటి అభిమానులు ఈ మధ్య కట్ట మీద మెస్సీని వదిలిపెట్టి ఆరోగ్య కార్డు గురించి తగవులాడుకుంటున్నారు. దీనికి మూలం గోలీ.

ఊరి జట్టుకు గోలు కాపలా కాసే కుర్రవాడికి పందొమ్మిదేళ్లు. 2025 అక్టోబరులో ఎదుటివాడి కాళ్ల కింద బంతి పట్టుకోబోయి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. 108 బండిలో తీసుకుపోయారు. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేయాలన్నారు. తండ్రి బియ్యం కార్డు, ఆధారు సంచిలో పెట్టుకుని ప్రభుత్వ పథకం వర్తించే ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చాడు. అక్కడ కార్డులు చూసే బల్ల దగ్గర మనిషి వున్నాడు, కంప్యూటరు వుంది. కాని కొత్త కేసులు తీసుకోవడం లేదన్నారు. ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన రోజులవి. పెద్దాసుపత్రికి పోతే చేస్తారు గాని వంతు ఎప్పుడు వస్తుందో అని తండ్రి భయపడ్డాడు. కుర్రవాడు నొప్పికి అరుస్తున్నాడు.

"ఇరవై అయిదు లచ్చల కార్డు జోబీలో పెట్టుకోని, నలభై అయిదు వేలు అప్పు చేసినా సామీ. ఏడు గొర్రెలు అమ్మినా చాలలేదు" అని ఆ తండ్రి నాతో అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు.

ఆటకు పట్టిన మంట

గోలీ మంచం పట్టాక జట్టు వరుసగా ఓడింది. ఓడినప్పుడల్లా కట్ట మీద తప్పు ఎవరిదన్న పంచాయతీ. ఒక కుర్రవాడు అన్నాడు: "ఈ ప్రభుత్వం డబ్బు కట్టలేదు గనుకనే గదన్నా వానికి ఈ గతి." రెండోవాడు లేచాడు: "పాత ప్రభుత్వం పెట్టిపోయిన బాకీ ఎవరు తీర్చాలప్పా? మీవాళ్లే సెల్ఫ్ గోల్ వేసి మావాళ్లను అంటావా?" ఆ రోజు మైదానంలో గోలు పడినా ఎవరూ చూడలేదు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం వున్నది. ఆసుపత్రుల సంఘం బాకీల కోసం సేవలు ఆపింది ఒక్క 2025 అక్టోబరులోనే కాదు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆపింది. అంతకు ముందు 2024 మే నెలలో, అంటే వెనుకటి ప్రభుత్వం వున్నప్పుడు, ఓట్లు పడి లెక్కింపు జరగక ముందే ఆపింది. అక్టోబరు 10న మొదలైన నిలుపుదల నాటికి తమకు సుమారు 2,700 కోట్ల రూపాయలు రావాలని సంఘం చెప్పింది. చర్చల తర్వాత ఆ నెలాఖరుకు విరమించారు. తెలంగాణలో కూడా అదే సంవత్సరం సెప్టెంబరులో ఇదే తంతు జరిగింది. అక్కడ వేరే పార్టీ, వేరే ముఖ్యమంత్రి. జబ్బు మాత్రం ఇదే.

ఈ కథ పుట్టింది మన జిల్లాలోనే అన్న సంగతి కుర్రవాళ్లకు తెలియదు. కట్ట మీద వున్న ఒక పెద్దాయన గుర్తుచేశాడు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లో ప్రారంభించింది. అవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. అంతకు ముందు గుండెకో మూత్రపిండానికో పెద్ద జబ్బు చేస్తే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీకి ఎమ్మెల్యే ఉత్తరం కావాలి. ఎమ్మెల్యే ఊళ్లో వుండాలి. ఇవన్నీ కుదిరేదాకా జబ్బు ఆగాలి. తెల్లకార్డు చూపితే ఆపరేషను జరిగి, మందులు, భోజనం, తిరుగు బస్సు ఛార్జీ కూడా ఇస్తారంటే ఊళ్లో మొదట ఎవరూ నమ్మలేదు. గుండెకు చిల్లు వున్న పిల్లలు బాగై తిరిగి వచ్చాక నమ్మారు.

నమ్మిన తర్వాత పథకం వదలరాని ఆస్తి అయింది. ఆస్తి అన్న తరువాత తగవు తప్పదు గదా! రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో దీనిని ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు. 2019 తర్వాత డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అయింది. 2024 తర్వాత డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పేరు మారినప్పుడల్లా కార్డు మీద బొమ్మ మారింది. "జట్టు అదే, చొక్కాలు మారుస్తాండారు" అని కట్ట మీద ఒకడు అంటే రెండు పార్టీల వాళ్లూ నవ్వారు.

పరిమితి విషయంలో కూడా పోటీయే. మొదట రెండు లక్షలు. తర్వాత అయిదు లక్షలు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పది లక్షలు చేసింది. అదే నెల 18న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25 లక్షలు చేసింది. 2022లో సరిగ్గా అదే తేదీన అర్జెంటీనా ప్రపంచ కప్పు గెలిచిందని ఫుట్‌బాల్ కుర్రవాళ్లు కనిపెట్టారు. నాకైతే తోచలేదు.

కాని పరిమితి అన్నది చెరువు కట్ట ఎత్తు వంటిది. కట్ట ఎంత ఎత్తు వేసినా నీరు రావద్దా? కాలు విరిగిన వాడికి కావలసింది పాతిక లక్షలు కాదు. ఆ ఆపరేషనుకు ప్రభుత్వం నిర్ణయించిన ధర, అది ఆసుపత్రికి అందే గడువు. ఆసుపత్రుల వారు చెప్పేది కూడా ఈ రెండే. ధర చాలదు, అదైనా నెలల తరబడి రాదు అంటారు. వారు చెప్పేదంతా వేదవాక్కు కాదు. అవసరం లేని ఆపరేషన్లు చేశారని, కార్డు వున్నా రోగి నుంచి పైడబ్బు వసూలు చేశారని ఆరోపణలు వచ్చిన ఆసుపత్రులు కూడా వున్నాయి. అయినా బాకీ బాకీయే. కిరాణా కొట్టువాడు ఖాతా మూసేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

మళ్లీ బీమా కంపెనీయా?

ఇప్పుడు అసలు తగవు ఇది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల వరకు వైద్యం ఖర్చు బీమా కంపెనీ భరించాలి. ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలి. పేద, ధనిక తేడా లేకుండా 1 కోటి 63 లక్షల కుటుంబాలకు వర్తింపచేస్తామన్నారు. ఆపరేషనుకు ఆరు గంటల్లో అనుమతి వస్తుందన్నారు. పథకాన్ని ప్రైవేటు కంపెనీలకు ధారపోస్తున్నారని ప్రతిపక్షం విమర్శించింది.

పెద్దాయన దీనికి కూడా నవ్వాడు. 2007లో ఈ జిల్లాలో మొదలైంది బీమా కంపెనీతోనే. ప్రభుత్వం కుటుంబానికి ఇంత అని ప్రీమియం కట్టింది. స్టార్ హెల్త్ అనే కంపెనీ బిల్లులు చెల్లించింది. 2008 నుంచి కొన్ని చికిత్సలను ట్రస్టు నేరుగా చేపట్టింది. తరువాత క్రమంగా అన్నీ ట్రస్టు చేతికి వచ్చాయి. కంపెనీకి పోయే లాభం మిగులుతుందని అప్పట్లో చెప్పిన కారణం. ఇప్పుడు కంపెనీ వుంటే బిల్లులు త్వరగా తేలుతాయని చెప్పే కారణం. రెండు కారణాలూ వినడానికి బాగానే వున్నాయి.

బీమా అంటే ఏమిటో అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. వేరుశనగ పంట బీమా చూసిన వాళ్లం. ప్రీమియం ముందు కడతారు. పంట పోయినప్పుడు లెక్క మాట్లాడతారు. వాన కొలిచే యంత్రం ఒకచోట, ఎండిన చేను ఇంకోచోట. కట్ట మీద ఒక రైతు అడిగిన ప్రశ్న నాకు అన్నింటికన్నా సూటిగా తోచింది. "కంపెనీవోళ్లు ప్రీమియం ముందే తీసుకుంటారు గదప్పా. బాకీ పడేది వుండదు, సరే. మరి వాళ్లు ఈ ఆపరేషను మా లెక్కలో రాదు అంటే యాడికి పోవాల? కలెక్టరు దగ్గరికా, కంపెనీ దగ్గరికా?"

ట్రస్టు పద్ధతిలో ప్రభుత్వానికి డబ్బు లేకపోతే ఆసుపత్రి తలుపు మూస్తుంది. బీమా పద్ధతిలో కంపెనీకి నష్టం వస్తే అనుమతి దగ్గర కొర్రీలు వేయవచ్చు, మరుసటి ఏడు ప్రీమియం పెంచమని అడగవచ్చు. ఏ పద్ధతిలో అయినా రోగికి కావలసింది ఒకటే. కాదన్న కారణం కాగితం మీద రాసి చేతికివ్వాలి, దాని మీద అప్పీలు వినే అధికారి జిల్లాలోనే వుండాలి. ఈ సంగతి మీద రెండు పార్టీల వారూ అంతగా గొంతు చించుకోవడం నేను వినలేదు.

సొంత డబ్బుతో పాలసీ కట్టుకునే వారు పల్లెల్లో కొద్దిమందే. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకులు తల్లిదండ్రుల పేర కడుతుంటారు. వారికి ఒక మేలు జరిగింది. 2017 నుంచి ఈ ప్రీమియం మీద 18 శాతం జి.ఎస్.టి. వుండేది. ఇరవై వేల పాలసీకి 3,600 పన్ను. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీయే దీనిని తీసివేయాలని 2024లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌కు ఉత్తరం రాశారు. ప్రతిపక్షాలు పార్లమెంటు వద్ద నిరసన తెలిపాయి. చివరకు 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే పాలసీలపై ఆ పన్ను ఎత్తివేశారు. ఘనత మాదంటే మాదని రెండు పక్షాలూ చెప్పుకున్నాయి. చెప్పుకోనివ్వండి, 3,600 మిగిలింది.

మన వాళ్లు పార్టీలు మరచి ఒక్కటి కాలేరని అనుకుంటే పొరపాటు. 2025లోనే ఆర్.డి.టి.కి విదేశీ నిధుల అనుమతి చిక్కు వచ్చినప్పుడు ఈ జిల్లాలో జనం రోడ్ల మీదికి వచ్చారు. వివిధ పార్టీల నాయకులు ఆ సంస్థ పక్షాన నిలిచారు. ఆ రోజు ర్యాలీలో బార్సిలోనా వాళ్లు, మాడ్రిడ్ వాళ్లు ఒకే బ్యానరు పట్టుకున్నారని కట్ట మీద ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

గోలీ ఇప్పుడు నడుస్తున్నాడు. పరుగెత్తడం లేదు. కట్ట మీద కాలు చాపుకుని కూర్చుని ఈల వేసే పని చూస్తున్నాడు. తాను రిఫరీ అయినప్పటి నుంచి ఆఫ్‌సైడ్ తగాదాలు తగ్గాయని చెబుతాడు. అవతలి ఊరి వాళ్లు ఒప్పుకోవడం లేదు.

తండ్రి మాత్రం ఆసుపత్రి బిల్లులన్నీ ప్లాస్టిక్ కవరులో దాచాడు. కార్డు వుండి కూడా కట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని నన్ను అడిగాడు. నాకు తెలిసిన చోట్ల విచారించాను. పథకం కింద రాదని, ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకొమ్మని చెప్పారు. అర్జీ నేనే రాసి ఇచ్చాను. దానిని ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పంపాలన్నారు. పెద్దాయన ఆ మాట విని, "2006లో కూడా ఇట్లనే పంపినాం" అన్నాడు.

అర్జీ పంపి అయిదు వారాలైంది. జవాబు రాలేదు. తండ్రి ప్రతి సోమవారం పోస్టుమాను కోసం రచ్చకట్ట దగ్గర కూర్చుంటున్నాడు. జవాబు సెల్ ఫోనుకు వస్తుందని కొడుకు చెప్పినా వినడం లేదు.