బాడుగ పడవ ఎక్కే ముందు...

అనకాపల్లి అనగానే గుర్తొచ్చేది బెల్లం. సముద్రం అంటే మాత్రం అందరూ విశాఖ వైపే చూస్తారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయ్యాక లెక్క చూసుకుంటే పరవాడ, అచ్యుతాపురం, రాంబిల్లి, ఎస్.రాయవరం, నక్కపల్లి, పాయకరావుపేట - ఈ ఆరు మండలాలకూ సముద్రమే పొలిమేర. రేవుపోలవరానికి పేరులోనే రేవు ఉంది. పిల్లా పాపలతో ఒక పూట సముద్రం మీద తిరిగి వద్దామన్న కోరిక ఈ ఊళ్ళవారికి కలగడంలో వింతేమీ లేదు. ఫోన్లలో తెల్లటి తెరచాప పడవలు, దీవి నుంచి దీవికి తిరిగే విహారాలు చూసి, "అలాంటి పడవ మనకు బాడుగకు దొరకదా?" అని అడిగే కుర్రకారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఆ పడవను యాట్ అంటారు. గ్రీసు దేశంలో జనం కాపురముండే దీవులే రెండు వందలకు పైగా ఉన్నాయి. అక్కడ ఈ బాడుగ పెద్ద వ్యాపారం. మనకు కారు అద్దెకు ఇచ్చినట్టే పడవనూ రెండు విధాలుగా ఇస్తారు. డ్రైవరుతో తీసుకోవచ్చు, లేదా నడపడం వచ్చిన వారు తామే నడుపుకోవచ్చు. రెండో పద్ధతిలో అయితే నడిపేవారు తమ సర్టిఫికెట్ చూపాలి, పడవ దెబ్బతింటే మినహాయించుకోవడానికి డిపాజిట్ కూడా కట్టాలి. లోపల పడక గదులు, వంటగది ఉంటాయి. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ ఉత్తరపు గాలి బలంగా వీస్తుంది. ఆ రోజుల్లో ఎంత బాడుగ కట్టిన వాడైనా రేవులోనే కూర్చోవాలి.

ఇది మనవాళ్ళకు చేతకాని విద్యేమీ కాదు. విశాఖ అమ్మాయి, నౌకాదళ అధికారిణి పి.స్వాతి మరో ఐదుగురు అధికారిణులతో కలిసి 'తరిణి' అనే 55 అడుగుల తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగి చేరారు. 254 రోజుల ప్రయాణం అది. మన మత్స్యకారుల తాతలకూ తెరచాపే ఆధారం. తెల్లవారుజామున నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి అదే తిరగబడి ఒడ్డుకు వీస్తుంది. పోయేటప్పుడు ఒక గాలి, వచ్చేటప్పుడు ఒక గాలి. ఇంజన్లు వచ్చాక ఆ చాపలు చాలా వరకు మూలబడ్డాయి.

మన తీరానికి ఉన్న చిక్కు వేరు. ఇక్కడ దాటి వెళ్ళడానికి దీవులు లేవు. ఒడ్డునే కెరటాలు విరుగుతాయి. ఆ చోటు దాటించడం అనుభవం ఉన్నవాడికే సాధ్యం. 2022 జూలై 29న సరదాగా పూడిమడక వెళ్ళిన అనకాపల్లి ఇంజనీరింగ్ విద్యార్థులను కెరటాలు లాక్కుపోయిన దుఃఖం ఇంకా ఎవరూ మరచిపోలేదు. వారు పడవ కూడా ఎక్కలేదు, నీళ్ళలోకి దిగారు, అంతే. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకు వేట నిషేధం. సరిగ్గా అవి వేసవి సెలవులు. పడవలు ఖాళీగా ఉంటాయి, చుట్టాలు ఊళ్ళో ఉంటారు. "ఒక్క రౌండ్ తిప్పి తీసుకురా బాబూ" అని బతిమాలడం, పది మంది ఎక్కడం తేలికే. కానీ వేట పడవకు ఉన్న లైసెన్సు వేటకే. వలలు, చేపలు మోయడానికి కట్టిన ఆ పడవలో చంటిపిల్లకు తగిన లైఫ్ జాకెట్ ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని దగ్గరలో ఉన్నదానితో మొదలుపెట్టడం మంచిది. అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల ఆవ ఉంది. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత అంత పెద్ద మంచినీటి సరస్సు ఇదే. తాటి మానులు తొలిచి చేసిన దోనెలు రెండు జతగా కట్టి వాటి మీద తిప్పుతారు. శీతాకాలంలో వలస పక్షులు, తామరాకులు, చుట్టూ కొండలు కనిపిస్తాయి. దోనె మీద కుదురుగా కూర్చోవాలి. ఫోటో కోసం లేచి నిలబడేవాడు తనతోపాటు పక్కవాళ్ళనూ నీళ్ళలో పడేస్తాడు.

దీవే చూడాలనుకుంటే మనకు దగ్గర్లో ఉన్నది కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్. అనకాపల్లిలో రైలెక్కి సామర్లకోటలో దిగితే కాకినాడ దగ్గరే. రెండు శతాబ్దాలుగా గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో పెరిగిన దిబ్బ అది. తుపాను కెరటాలను ముందుగా తానే కాచుకుని కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచింది. జాలరుల కాపురాలు ఉన్నాయి. చలికాలం చివర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దీవిలో కొంత భాగం కోరింగ అభయారణ్యంలోకి వస్తుంది. అందువల్ల పడవ ఏ రోజు నడుస్తుందో, అనుమతి ఎవరు ఇస్తారో ముందుగా కనుక్కునే బయలుదేరాలి. పడవ మొత్తం ఒక్క కుటుంబానికే కావాలంటే కోనసీమలోని దిండి గుర్తుకొస్తుంది. గోదావరి పాయ మీద పడక గదులతో ఉండే హౌస్ బోట్లను పర్యాటక శాఖ అక్కడ ప్రవేశపెట్టింది. యాట్ బాడుగకు మన రాష్ట్రంలో దగ్గరి పోలిక ఇదేనని చెప్పుకోవచ్చు.

ఎక్కడికి వెళ్ళినా కచ్చులూరును మనసులో పెట్టుకుని వెళ్ళాలి. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడడానికి గండిపోచమ్మ దగ్గర బయలుదేరిన పడవలో 77 మంది ఉన్నారు. గోదావరి వరద మీద ఉంది, సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు పారుతోంది. కచ్చులూరు దగ్గర నది ఇరుకై, సుడులు తిరిగే చోట పడవ ఒరిగిపోయింది. ఒడ్డు మీది గిరిజనులు తమ పడవలు వేసుకుని పరుగున వచ్చి దొరికిన వారిని దొరికినట్టు లాగారు. దక్కినవారు 26 మంది. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి వచ్చిన 14 మందిలో ఐదుగురే ఇల్లు చేరారు. విశాఖ నుంచి వచ్చినవారూ ఆ పడవలో ఉన్నారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ పడవను పైకి లాగగలిగింది 38వ రోజున, అక్టోబరు 22న. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న కార్తీక ఆదివారం నాడు, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. వారిలో ఎక్కువ మంది ఒంగోలు వారు.

రెండు చోట్లా జనం టిక్కెట్టు ధర అడిగే ఎక్కారు. ధర అడగడం తప్పు కాదు. దానితోపాటు పడవకు లైసెన్సు ఉందా, అందులో ఎంతమందికి అనుమతి, ఇప్పుడు ఎంతమంది ఎక్కారు అన్నవీ అడగాలి. లైఫ్ జాకెట్ ఇవ్వడమే కాదు, దాని పట్టీలు బిగించి చూపమనాలి. ఉక్కగా ఉందని విప్పి సీటు కింద పెట్టుకున్న జాకెట్ ఎవరినీ తేల్చదు. కచ్చులూరు తర్వాత పడవలు కదిలే చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాటిలో విశాఖ రుషికొండ కూడా ఉంది. అలాంటి గది కనిపిస్తే అక్కడ పేర్లు రాయించుకున్నాకే ఎక్కాలి. ఇన్ని ప్రశ్నలు వేస్తే సరంగు చిరాకు పడవచ్చు, పడనివ్వండి.

బయానా విషయం కూడా ముందే తేల్చుకోవాలి. రేవులో ప్రమాద సూచిక ఎగిరినా, నదికి వరద వచ్చినా డబ్బు తిరిగి ఇస్తారా, లేక మరో తేదీ ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. డబ్బు పోతుందన్న బెంగ ఉన్నవాడే గాలి వీస్తున్నా "పరవాలేదు, తీయండి" అంటాడు. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి "రేపు పడవ తీయం" అని చెప్పే సరంగు దొరికితే అతని నంబరు దాచుకుని, వచ్చే సెలవుల్లో కూడా అతని పడవే మాట్లాడుకోవాలి.