మిర్చి పూలలో నల్ల తామర పురుగు.. గుట్టు ఎలా తేలింది? ఒక్క ల్యాబ్‌తో ఎందుకు కాలేదంటే..

గుంటూరు శివారు నల్లపాడు దాటి ప్రకాశం వైపు వెళ్తే ఎటు చూసినా మిర్చి, పత్తి చేలే. 2021 సీజన్‌లో ఈ ప్రాంత మిర్చి రైతులకు గట్టి దెబ్బ తగిలింది. పూత వచ్చింది కానీ కాయ నిలవలేదు. మందు మీద మందు కొట్టినా పురుగు తగ్గలేదు. అసలేం జరిగింది?

పాత పురుగు కాదు

తామర పురుగు మిర్చి రైతుకు కొత్తేం కాదు. అది రసం పీలిస్తే ఆకులు పైకి ముడుచుకుంటాయి. రైతులు దాన్నే పై ముడత అంటారు. కానీ ఈసారి పురుగులు పూలలోనే గుంపులుగా కనిపించాయి. సైజు దాదాపు ఒక మిల్లీమీటరే. ఏ జాతి అన్నది మైక్రోస్కోప్ కింద పెట్టి నిపుణులు చూస్తేనే తేలుతుంది. జాతి తెలియకుండా మందు కొట్టడమంటే చీకట్లో రాయి విసరడమే.

క్లూ బెంగళూరులో..

ఆ పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. పుట్టిల్లు ఆగ్నేయాసియా. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దీన్ని గుర్తించారు. ఆరేళ్ల తర్వాత మిర్చి పూలలో కనిపించింది కూడా ఇదేనని తేలింది. బొప్పాయి మీద చేసిన ఆ పరిశోధన రికార్డుల్లో ఉండబట్టే పోల్చి చూడటం కుదిరింది.

ఎవరి బలం వారిది

చేలో జరుగుతున్న నష్టం, మిర్చి రకాల గురించి గుంటూరు లాం ఫామ్ శాస్త్రవేత్తలకు తెలుసు. పురుగుల గుర్తింపు, జీవ నియంత్రణ బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ పని. ఉద్యాన పంటల తెగుళ్లు, పురుగులపై పట్టున్నది ఐఐహెచ్‌ఆర్‌కు. ఇక మిర్చిపై ఈ పురుగుతో ఇండోనేసియాకు ముందే అనుభవం ఉంది. ఇవన్నీ ఒకచోటికి చేరితేనే రైతుకు పనికొచ్చే సలహా తయారవుతుంది.

రైతుకు ఏం దక్కింది?

విచ్చలవిడిగా మందులు కొడితే మిత్ర పురుగులు చచ్చి, తామర పురుగు ఇంకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు హెచ్చరించారు. నీలి రంగు జిగురు అట్టలు, వేప మందులు, బవేరియా లాంటి జీవ శిలీంధ్రాలు, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు వేయాలని సూచించారు.

ఈ గొలుసులో మొదటి లింకు మాత్రం రైతే. పూలలో కొత్త పురుగు కనిపిస్తే వెంటనే మందుల షాపుకు పరిగెత్తొద్దు. ముందు ఉద్యాన అధికారికి చూపించాలి. ఆ పురుగు ఎంత త్వరగా నిపుణుల ల్యాబ్‌కు చేరితే, పంట దక్కే ఛాన్స్ అంత ఎక్కువ.