దూరపు గురికి తుపాకి గొట్టము

గుండు సూటిగా పోవలెనన్న బొంగరమువలె తిరుగుచు పోవలెను. అందులకే తుపాకి గొట్టము లోపల మెలిక గాడులు చెక్కుదురు. మెలిక ఎంత, లోతు ఎంత అన్నచోటనే పనివారి దారులు వేరగుట మనము చూతుము.

1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకిలో 78 అంగుళములకు ఒక చుట్టు. ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్తు ఆరు పలకల గొట్టమునకు ఆరు పలకల గుండే చేసి, 20 అంగుళములకే చుట్టు త్రిప్పెను. 1857 పరీక్షలలో దూరపు గురియందు ఎన్‌ఫీల్డు వెలవెలబోయెను. అయినను బ్రిటిషు సైన్యము దానిని చేపట్టలేదు: వెల హెచ్చు, ఇరుకు గొట్టమున మసి చిక్కు. గురిపందెములవారికి అది సహ్యమే. యుద్ధభూమిలో మాటిమాటికి గొట్టము తుడుచుట ఎవరి తరము?

విలియం మెట్‌ఫర్డు గాడుల లోతు తగ్గించి, గుండు సీసమును గట్టిపరచెను. మసి బాధ తగ్గెను. మాకు నచ్చిన దారి ఇదియే. 1888లో సైన్యమును ఈ గాడులనే గైకొనెను. కాని పిదప వచ్చిన కార్డైటు మందు వేడికి అవి త్వరగా అరిగిపోయెను. 1895లో ఎన్‌ఫీల్డు లోతుగాడులు వచ్చినవి.