కంప్యూటరు మెదడుకు మైలేజీ ఎంత?

మోటారు సైకిలు కొనడానికి వెళ్లినప్పుడు కుర్రవాళ్లు "ఎంత స్పీడు పోతుంది?" అని అడుగుతారు. ఇంట్లో పెద్దలు మాత్రం "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?" అని అడుగుతారు. కంప్యూటరు కొనేటప్పుడు ఈ రెండో ప్రశ్న అడిగేవారు తక్కువ. కాని అది తప్పక అడగవలసిన ప్రశ్న. ఎందుకో చూద్దాం.

కంప్యూటరులో లెక్కలన్నీ చేసే భాగం ప్రాసెసరు. గోటి కంటె కొంచెం పెద్దదైన సిలికాన్ బిళ్లమీద కోట్లకొద్దీ ట్రాన్సిస్టర్లు వుంటాయి. ఇవి చిన్న చిన్న స్విచ్చులు. వీటన్నిటినీ ఒక తాళంలో నడిపించడానికి లోపల ఒక గడియారం కొట్టుకుంటూ వుంటుంది. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల టిక్కులు. దుకాణంలో గొప్పగా చెప్పే సంఖ్య ఇదే.

మగ్గం చెప్పే పాఠం

టిక్కులు ఎక్కువైతే పని కూడా ఎక్కువ అవుతుందా? మా దుబ్బాక చేనేతకు పేరున్న ఊరు. కాబట్టి మగ్గాన్నే అడుగుదాం. ఒక మగ్గం మీద నాడె నిమిషానికి 60 సార్లు అటూ ఇటూ పోతూ, ఒక్కోసారి ఒక పేక పోగు వేస్తుందనుకోండి. రెండో మగ్గం మీద నాడె 40 సార్లే పోతుంది, కాని ఒక్కోసారి రెండు పోగులు వేస్తుంది. మొదటి దానిపై 60 పోగులు, రెండో దానిపై 80 పోగులు పడ్డాయి. నెమ్మదిగా కదిలిన నాడె ఎక్కువ బట్ట నేసింది! ప్రాసెసరులో కూడా ఇంతే. ఎన్ని టిక్కులు అన్నది ఒక లెక్క, టిక్కుకు ఎంత పని అన్నది మరో లెక్క. రెంటినీ గుణిస్తేనే అసలు వేగం తెలుస్తుంది.

రెండు ప్రాసెసర్ల కథ

2004 నవంబరులో ఇంటెల్ కంపెనీ పెంటియం 4 రకంలో 3.8 గిగాహెర్ట్జ్ ప్రాసెసరును విడుదల చేసింది. దాని వేడి లెక్క 115 వాట్లు. అంతకు ముందు నెలలోనే 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసరును తెచ్చే ఆలోచనను ఆ కంపెనీ విరమించుకుంది. 2006లో అదే కంపెనీ కోర్ 2 డుయో తెచ్చింది. అందులో ఒక రకం వేగం 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, వేడి లెక్క 65 వాట్లు. అయినా పని చేయడంలో కొత్తదే ముందు నిలిచింది. (ఈ వాట్లు చల్లబరిచే ఏర్పాటు కోసం కంపెనీ ఇచ్చే లెక్క. మీటరులో తిరిగే వాడకం పనిని బట్టి మారుతుంది.)

ఇది ఎలా సాధ్యమైంది? ఆ పెంటియం 4 ఒక్కో ఆజ్ఞను 31 చిన్న మెట్లలో పూర్తి చేసేది. మెట్టు చిన్నదైతే గడియారాన్ని వేగంగా తిప్పవచ్చు. కాని "అవునా, కాదా" అనే ప్రశ్న ఎదురైనప్పుడు ప్రాసెసరు జవాబును ముందే ఊహించుకుని పని సాగిస్తుంది. ఊహ తప్పితే మెట్లమీద వున్న పనిని పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. మెట్లు ఎక్కువైతే వృథా కూడా ఎక్కువ. కొత్తదానికి మెట్లు 14 మాత్రమే. పైగా అది టిక్కుకు ఎక్కువ ఆజ్ఞలు తీసుకోగలదు, దానిలో లెక్కచేసే కోర్లు కూడా రెండు.

మరో కారణం వోల్టేజి. స్విచ్చులు పని చేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు గడియారపు వేగాన్ని బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గడియారాన్ని బాగా వేగంగా తిప్పాలంటే వోల్టేజి పెంచక తప్పదు. వేగాన్ని సగం చేసి, వోల్టేజిని 0.8 వంతుకు తగ్గించామనుకోండి. 0.5 × 0.8 × 0.8 = 0.32. అంటే వాట్లు మూడో వంతుకు దిగిపోయాయి!

వాట్లు తగ్గితే చాలా?

తొందరపడకండి. వాట్లను కాలంతో గుణిస్తేనే ఖర్చు తెలుస్తుంది. ఒకే పనిని మూడు ప్రాసెసర్లకు ఇచ్చామనుకుందాం.

మొదటిది: 100 వాట్లు, 10 నిమిషాలు. 100 × 600 = 60,000 జౌళ్లు.
రెండవది: 40 వాట్లు, 20 నిమిషాలు. 40 × 1,200 = 48,000 జౌళ్లు.
మూడవది: 20 వాట్లు, 60 నిమిషాలు. 20 × 3,600 = 72,000 జౌళ్లు.

ఒక యూనిట్ కరెంటు అంటే 36,00,000 జౌళ్లు. కాబట్టి ఒక యూనిట్‌తో మొదటిది ఈ పనిని 60 సార్లు, రెండవది 75 సార్లు, మూడవది 50 సార్లు చేస్తుంది. ఇదే ప్రాసెసరు మైలేజీ! అతి తక్కువ వాట్లది చివరికి ఎక్కువ కరెంటు తాగింది చూశారా?

ఈ లెక్క మనకెందుకు? కరెంటు పోయినప్పుడు బడిలోని కంప్యూటరు యూపీఎస్ మీద ఎంత పని ముగించగలదు, సెల్‌ఫోను సాయంత్రందాకా నిలుస్తుందా అన్నవి దీని మీదే ఆధారపడతాయి. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాదు ప్రాంతంలో తన డేటా కేంద్రాలను ప్రారంభించింది. ఇటువంటి కేంద్రాల్లో ప్రాసెసర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. వాటిని నడపడానికే కాక, చల్లబరచడానికి కూడా కరెంటు కావాలి. బోరు మోటార్లకు, మరమగ్గాలకు కావలసినది కూడా కరెంటే. ఒకచోట పొదుపు చేసింది మరొకచోట అక్కరకు వస్తుంది.

మీరే చేయండి

పై ఉదాహరణలో ప్రాసెసరు పని చేసినంతసేపూ మానిటరు, ఫ్యాను వగైరాలు మరో 40 వాట్లు తీసుకుంటాయనుకోండి. పని ముగియగానే అన్నీ ఆపేస్తాం. ఇప్పుడు మూడింటిలో ఏది పొదుపైనది?

(జవాబు: ఖర్చులు వరుసగా 84,000, 96,000, 2,16,000 జౌళ్లు. ఈసారి మొదటిదే గెలిచింది! కాబట్టి ప్రాసెసరును ఒక్కదాన్నే కాక, దానితో నడిచే వాటన్నిటినీ కలిపి లెక్క కట్టాలి.)