శాపం ఎక్కడిది?

నల్లజాతి మగవాళ్లకి యాజకత్వం ఎందుకివ్వరంటే, కయీను శాపమని మార్మన్ చర్చి పెద్దలు చెప్పేవాళ్లు. పుట్టకముందు ఆత్మలోకంలోనే వెనకబడ్డారనీ కొందరన్నారు. పూర్వజన్మ పాపం కథ విన్న మన చెవులకిది కొత్తా? మేం అడిగేదొకటే. శాపం మొదట్నించీ ఉంటే, 1836లో ఎలైజా ఏబుల్ అనే నల్లజాతి మనిషిని ఎల్డర్‌గా ఎట్లా నియమించారు? నిషేధాన్ని బహిరంగంగా చెప్పింది 1852లో, యూటా శాసనసభలో బ్రిగమ్ యంగ్. ఆ సభే ఆ ఏడాదే నల్లవాళ్ల బానిసత్వానికి చట్టం చేసింది! తర్వాత ఏబుల్ ఆలయ సంస్కారం అడిగితే కాదన్నారు. నిషేధం పెట్టింది జోసెఫ్ స్మిత్ అనడానికి ఆనాటి ఆధారం లేదని 1973లో లెస్టర్ బుష్ పాత కాగితాలు తిరగేసి చూపాడు. 1978లో దైవప్రకటన వచ్చిందంటూ ఎత్తేశారు. శాపం సిద్ధాంతాన్ని చర్చి కాదంటూ వ్యాసం వెలువరించింది మాత్రం 2013లో. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ దేవుడి ముందు ఒకటేనన్న మాట 1830 నుంచీ మార్మన్ గ్రంథంలో అచ్చయ్యే ఉంది.